కాదు, అది నేను కాదు

మెదక్,
9-6-2025

అక్కకు యాకోబు వందనాలు.

నీ ఉత్తరం శనివారం అందింది. పాస్‌వర్డు రాసిన చీటీ కూడా అందులోనే ఉంది. మొదట పెద్దక్షరం, చివర నక్షత్రం గుర్తు అని నువ్వు రెండుసార్లు గీత గీసి మరీ రాశావు. అట్లాగే కొట్టాను. పని కాలేదు.

ఎందుకు కాలేదో రాస్తాను. బస్టాండు ఎదురుగా కంప్యూటర్లు బాగుచేసే మదన్ మోహన్ అని ఒకతను ఉన్నాడు. నా బైండింగ్ దుకాణంలో ఉన్న కంప్యూటరు అతని దగ్గర కొన్నదే. బిల్లులు కొట్టడానికి, రోజువారీ లెక్క రాసుకోవడానికి తప్ప నేను దాన్ని దేనికీ వాడలేదు. మెయిల్ చూడాలంటే ఒక ప్రోగ్రాము ఎక్కించి ఇచ్చాడు. “ఒక్కసారి అకౌంటు కలిపినవంటే ఉత్తరాలు వాటంతట అవే వచ్చి పడుతయి కాకా. నువ్వు కుర్చీల కూసోని సదువుకునుడే” అన్నాడు.

ప్రోగ్రాము పేరు అడిగింది, ఇచ్చాను. మెయిల్ చిరునామా అడిగింది, ఇచ్చాను. పాస్‌వర్డు కొట్టి మీట నొక్కాను. ఒక చక్రం తిరగడం మొదలైంది. కింద ‘ఖాతా సిద్ధమవుతోంది’ అని ఉంది. నేను పోయి ఒక రసీదు పుస్తకం కుట్టి, వీపుకు జిగురు పూసి, బరువు కింద పెట్టి వచ్చాను. చక్రం ఇంకా తిరుగుతోంది. మళ్లీ మీట నొక్కితే తెరంతా పాలిపోయింది. తర్వాత ఏం నొక్కినా ఉలకలేదు. ఆపి మళ్లీ మొదలుపెట్టాను. మళ్లీ అదే చక్రం.

నాకు రోత పుట్టింది. మనిషి పని ఎగ్గొడితే ముఖం చూస్తే తెలుస్తుంది. ఇది చేస్తాననీ అనదు, చేయననీ అనదు. చేస్తున్నట్టు నటిస్తూ కూర్చుంటుంది.

నా తొందర నీకు తెలుసు. ఆపరేషను తేదీ ఈ నెల పదో తారీఖు తర్వాత మెయిల్‌లో పంపుతామని హైదరాబాదు దవాఖాన వాళ్లు చెప్పారు. వారంలోపు సరే అని జవాబు పోకపోతే నీ చోటు వరుసలో తర్వాతి మనిషికి పోతుంది. ట్రస్టు తరఫున ఏడాదికి కొందరికే చేస్తారు. నీ కుడి చెవిలో మిగిలిన నరం ఉన్నప్పుడే ఆ వినికిడి యంత్రం పెట్టాలి, ఆలస్యమయ్యేకొద్దీ ఉపయోగం తగ్గుతుంది అని డాక్టరు నా ముందే అన్నాడు. అందుకే రాత్రింబవళ్లు నాకు ఇదే ధ్యాస.

నీకు ఫోన్‌లో మాట వినపడదు. నాకు గుండీల ఫోను తప్ప ఇంకోటి చేతకాదు. అందుకని ఉత్తరమే రాస్తున్నాను. రేపు మళ్లీ కూర్చుంటాను.

నీ తమ్ముడు
యాకోబు


నాగపూర్,
15-6-2025

యాకోబూ,

అక్క దీవెనలు. నీ ఉత్తరం నిన్న వచ్చింది. రిటైరైన మిషన్ నర్సులం ఈ హాస్టల్లో పదకొండు మందిమి మిగిలాం, అందరికీ ఉత్తరాలు తెచ్చే పోస్టుమాను ఒక్క నాకే పని చేస్తున్నాడని వార్డెనమ్మ ఎగతాళి చేస్తుంది. చేస్తుందని అనుకుంటున్నాను. ఆమె పెదవులు ఆడతాయి, మిగతావాళ్లు నవ్వుతారు.

భోజనం సంగతి అడగకు. వంటమనిషి మారింది. పప్పులో బెల్లం వేస్తుంది. పప్పులో బెల్లం వేసే చెయ్యి నర్సులకు వండకూడదు.

మెయిల్ పని నీకే అప్పగించాను, తొందరపడకు. నేను ఆ ఫోన్‌లో కవరు బొమ్మ ముట్టను. ఒకసారి ముట్టితే చీరలు, ఇళ్ల స్థలాలు, వందలకొద్దీ ఇంగ్లీషు ఉత్తరాలు. ఒకటి చెరపబోయి ఏం చెరిపానో ఇప్పటికీ తెలియదు. బైబిలు పెద్ద అక్షరాల్లో చదువుకోవడానికి తప్ప ఆ ఫోను నాకు దండగ.

ఇప్పుడు అసలు సంగతి. ఎవరో నా ఫోన్‌లోకి జొరబడాలని చూస్తున్నారు. నేను కీర్తన చదువుతుంటే అక్షరాలు పక్కకు పోయి ఒక ప్రశ్న వచ్చింది. ‘లోపలికి వెళ్లడానికి ప్రయత్నిస్తున్నది మీరేనా?’ అని. కింద హైదరాబాదు అని ఊరి పేరు. దాని కింద రెండు గుండీలు. ఒకదాని మీద ‘అవును’. రెండోదాని మీద ‘కాదు, అది నేను కాదు’. నేను నాగపూర్‌లో మంచం మీద కూర్చుని ఉన్నాను, హైదరాబాదులో ఎట్లా ఉంటాను? కాదు అని నొక్కాను. కాసేపటికి మళ్లీ అడిగింది. మళ్లీ కాదు. తెల్లారి మళ్లీ.

ముప్పై నాలుగేళ్లు రాత్రి డ్యూటీ చేసినదాన్ని. పేరు చెప్పని మనిషికి వార్డు తలుపు తీయలేదు. ఇప్పుడు తీస్తానా?

హైదరాబాదులో నా పాస్‌వర్డు తెలిసిన ఇల్లు ఒకటే. మన చిన్నోడు సాల్మన్ ఇల్లు. వాడి బిడ్డ నిస్సియే కదా ఆ ఫోను తెచ్చి అన్నీ పెట్టి ఇచ్చింది. పండుగకు వచ్చినప్పుడు వాడు పలక మీద రాసి చూపించాడు. “ఈ వయసుల తలకాయ కోపిచ్చుకునుడు ఏందే అక్కా, ఉన్నకాడికి చాలదా” అని. ఆపరేషను తర్వాత వినడం నేర్పే శిక్షణకు మూడు నెలలు వాళ్లింట్లో ఉండాల్సి వస్తుందని వాడికి బరువనిపించిందేమో. లోపలికి పోయి నా పేరు మీద ‘నాకు వద్దు’ అని దవాఖానకు రాస్తే ఎవరికి తెలుస్తుంది?

ఆ ఫోను పాస్‌వర్డు మార్చమని కూడా అడుగుతోంది. మారిస్తే నీకు పంపిన చీటీ పనికిరాకుండా పోతుంది, నీ పని చెడుతుంది. అందుకని మార్చలేదు.

సాల్మన్‌కు ఏమీ చెప్పకు.

ఎలిశిబా


మెదక్,
20-6-2025

అక్కకు యాకోబు వందనాలు.

ఉత్తరం అందింది. ఫోన్‌లో వచ్చే ఆ ప్రశ్నల గురించి భయపడకు. ఇప్పుడు అందరి ఫోన్లలోనూ మోసగాళ్లే. మా వీధిలో టైలరు రిచర్డుకు పోలీసునని ఫోను చేసి అరెస్టు చేస్తామన్నారు. నువ్వు చేసింది సరైన పని. ఎన్నిసార్లు అడిగినా కాదు అనే నొక్కు. విసుగొచ్చి అవును నొక్కవద్దు.

సాల్మన్ అట్లాంటివాడు కాదని నా ఉద్దేశం. ఇంతకంటే రాయను.

మెయిల్ ఇంకా కలవలేదు. మదన్ మోహన్ దుకాణానికి వచ్చి మూడు పూటలు కూర్చున్నాడు. మొదటి పూట కంప్యూటరులో తారీఖు తప్పు ఉందని కనిపెట్టాడు. లోపలి బ్యాటరీ చచ్చిపోయి అది ఎప్పటిదో పాత సంవత్సరం చూపిస్తోంది. “గిదే రోగం కాకా, దొరికింది” అన్నాడు. కొత్తది వేసి తారీఖు దిద్దాడు. చక్రం తిరిగింది. తిరుగుతూనే ఉంది. రెండో పూట వైరసులను పట్టే ప్రోగ్రామును ఆపాడు. తిరిగింది. మూడో పూట ఆ మెయిల్ ప్రోగ్రామునే పీకి పారేసి మళ్లీ ఎక్కించాడు. సగం కలిసి ఆగిపోయిన పాత ఖాతాను చెరిపి కొత్తగా మొదలుపెట్టాడు. తిరిగింది. ఆ చక్రం నాకు కళ్లు మూసుకున్నా కనబడుతోంది. అన్నం ముందు కూర్చుంటే కంచం తిరుగుతున్నట్టుంటుంది.

మూడో పూట ఒకటి తేలింది. తెల్లబడిన తెర వెనుక ఇంకో చిన్న కిటికీ తెరుచుకుంటోంది. ఇన్నాళ్లూ అది మాకు కనబడలేదు. సగం తెర బయటికి పోయి ఉంది, పై వరుస ఒక్కటే చదవడానికి వచ్చింది. “నీ ఫోను చూసుకొమ్మంటుంది కాకా” అన్నాడు మదన్ మోహన్. నేను నా ఫోను తీసి కంప్యూటరు పక్కన పెట్టాను. ఏమీ రాలేదు. దుకాణంలో సిగ్నలు సరిగా ఉండదని మిద్దె ఎక్కాను. నేను మిద్దె మీద ఫోను పట్టుకుని, అతను కింద మీట నొక్కుతూ, “వచ్చిందా” అని అతను, “రాలేదు” అని నేను. చర్చి నుంచి వచ్చేవాళ్లు తలెత్తి చూసి పోయారు. ఏమైందని ఎవరూ అడగలేదు, అదొక్కటే నయం.

ఇది ఎవరి ఖాతా అని మదన్ మోహన్ అడిగాడు. ఇంటిదే అన్నాను. నీ చెవుల సంగతి, ఆపరేషను సంగతి బస్టాండులో మాట్లాడుకునే విషయాలు కావు.

దవాఖానకు ఫోను చేశాను. తేదీ పంపారా అని అడిగితే, ఉన్న సంగతి మెయిల్‌కే పంపుతాం, రిజిస్టరైన మెయిల్ నుంచి జవాబు వస్తేనే చూస్తాం అన్నది అవతలి అమ్మాయి. మెయిల్ తెరుచుకోవడం లేదమ్మా అంటే, ఆ ఇబ్బందిని మెయిల్‌లో రాసి పంపండి అన్నది. ఫోను పెట్టేసి చేతులు కడుక్కున్నాను. ఎందుకో కడుక్కోవాలనిపించింది.

సాల్మన్ ఆదివారం ఆరాధనకు వచ్చి మధ్యాహ్నం దుకాణంలో కూర్చున్నాడు. కంప్యూటరు ముందు కూర్చుని అక్కకు తేదీ వచ్చిందా అని అడిగాడు. రాలేదు అన్నాను.

యాకోబు


నాగపూర్,
26-6-2025

యాకోబూ,

నువ్వు చివరి రెండు వరుసల్లో రాసిందే నాకు చాలు. కంప్యూటరు ముందు కూర్చున్నాడు. తేదీ వచ్చిందా అని అడిగాడు. ఇంకేం కావాలి? నీ నోటి నుంచి మాట బయటికి రావడం ఎంత కష్టమో నాకు తెలుసు. నువ్వు చెప్పకుండానే చెప్పావు.

ఇప్పుడు నా ఫోన్‌లో ప్రశ్న కింద కంప్యూటరు బొమ్మ కూడా వస్తోంది. అంటే దొంగ కంప్యూటరు ముందు కూర్చుని ఉన్నాడు. పోయిన వారం ఒక్క రోజే ఎన్నిసార్లు అడిగిందో చెప్పలేను. కాదు, కాదు, కాదు. నా వేలికి ఆ గుండీ చోటు అలవాటైపోయింది. పక్క మంచం జ్ఞానమ్మకు చూపిస్తే ఆమె చేతులు జోడించింది. ఆమెది తమిళం, తెలుగు రాదు కదా, ప్రార్థన అనుకున్నట్టుంది.

నాకు కోపం కూడా రావడం లేదు. అసహ్యం వేస్తోంది. వాణ్ని నేను ఎత్తుకుని పెంచాను. పుట్టినప్పుడు అమ్మకు జ్వరం, మెదక్ దవాఖాన వరండాలో వాణ్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నది నేను. అప్పుడు నాకు పదమూడేళ్లు. వాడి ఏడుపు వినే నేను నర్సునయ్యాను. ఇప్పుడు నేను మళ్లీ వినకుండా ఉండాలని చూస్తున్నాడు. ఆరేళ్ల నుంచి నేను మనుషుల నోళ్లు చూస్తూ బతుకుతున్నాను. వాన పడుతున్నదని కిటికీ చూసి తెలుసుకుంటున్నాను. అది వాడికి చాలదట.

వాడికి ఉత్తరం రాశాను. నిన్నే పోస్టులో వేయించాను. నా ఫోన్‌లో ఏ పని మీద జొరబడుతున్నావో నాకు తెలుసునని రాశాను. మీ ఇంటి గడప తొక్కనని రాశాను. ఆపరేషను అయ్యాక సత్రంలోనైనా ఉంటాను గానీ నీ ఇంట్లో ఉండనని రాశాను. ఇంకో మాట కూడా రాశాను, అది నీకు చెప్పను.

ఆపరేషను తర్వాత నేను మెదక్‌లో నీ దగ్గర ఉండి శిక్షణకు బస్సులో పోయి వస్తే కుదురుతుందా? తిప్పలే అని తెలుసు. ఆలోచించు.

నీ ఫోను గురించి మిద్దెలెక్కకు. వానాకాలం, మెట్లు జారతాయి.

ఎలిశిబా


మెదక్,
2-7-2025

అక్కా,

ఈ ఉత్తరం స్పీడుపోస్టులో పంపుతున్నాను. అందిన వెంటనే పూర్తిగా చదువు. మధ్యలో ఆపవద్దు.

ఆ దొంగను నేనే.

నిన్న సాల్మన్ నీ ఉత్తరం పట్టుకుని దుకాణానికి వచ్చాడు. స్కూళ్ల నోటుపుస్తకాల పని నెత్తి మీద ఉంది, అయినా మదన్ మోహన్ వచ్చి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. సాల్మన్ ఉత్తరాన్ని గల్లా మీద పరిచి, “సదువన్నా. అక్క నన్ను దొంగనంటుంది” అన్నాడు. చదివాను. నువ్వు నాకు చెప్పనన్న మాట కూడా చదివాను. కత్తెర తీసుకుని అట్ట కోస్తూ నిలబడ్డాను.

ఇంతలో మదన్ మోహన్ మీట నొక్కాడు. చక్రం తిరిగింది. ఈసారి ఆ వెనుక కిటికీని ఎట్లాగో పూర్తిగా ముందుకు లాగాడు. ఫోను చూసుకొమ్మని మళ్లీ అన్నది. నేను అలవాటు కొద్దీ నా ఫోను తీసి బల్ల మీద పెట్టాను. సాల్మన్ దాన్ని చూశాడు. తెర చూశాడు. తెర మీద ఉన్న మెయిల్ చిరునామా చూశాడు.

“గిది నిస్సి అక్కకు చేసిచ్చిన మెయిలు గద?”

అవునన్నాను.

“మరి ఫోను చూడుమంటే అక్క ఫోన్ల చూడాలె. నీ డబ్బా ఫోన్ల ఏముంటదన్నా?”

మదన్ మోహన్ కుర్చీ వెనక్కి జరిపాడు. వేరే ఊరిలో ఉన్న మనిషి ఖాతా అని మొదటి రోజు చెప్పి ఉంటే అప్పుడే అయిపోయేదని అతని బాధ. “ఇంటిదే అంటివి కాకా. నేను నీ ఇంటిదే అనుకుంటి” అన్నాడు. ఊరి పేరు గురించి కూడా అతనే చెప్పాడు. మా ఇంటర్నెట్ తీగ హైదరాబాదు మీదుగా వస్తుంది కాబట్టి మెదక్‌లో కూర్చున్నా హైదరాబాదు అనే చూపిస్తుందట.

కాబట్టి సంగతి ఇది. నేను ఇక్కడ మీట నొక్కిన ప్రతిసారీ అక్కడ నీ ఫోను నిన్ను అడిగింది. నువ్వు కాదన్నావు. అందుకని ఇక్కడ చక్రం తిరుగుతూ ఉండిపోయింది. కాదనమని నీకు రాసింది కూడా నేనే. ఇది తలచుకుంటే నా మీద నాకే వెగటు పుడుతోంది. రాయడానికి వేరే మాట దొరకడం లేదు.

సాల్మన్ అప్పుడే మీ వార్డెనమ్మకు ఫోను చేసి, ఈసారి అడిగితే అవును నొక్కమని నీకు చెప్పమన్నాడు. ఆమె పోయి వచ్చి, నువ్వు వినే స్థితిలో లేవని చెప్పింది. నువ్వు నమ్మలేదని అర్థమైంది. వాడు నీ ఉత్తరాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. చాయ్ తెప్పిస్తే ముట్టలేదు. పోతూ ఒక్క మాటే అన్నాడు. “కోపిచ్చుకోవద్దని నేనన్ననా, భయమైతుంది అన్న. భయమంటే గింత మాటనా?”

నేను 8వ తారీఖు మంగళవారం పొద్దున పది గంటలకు కంప్యూటరు ముందు కూర్చుంటాను. అంతకు ముందు ముట్టను. ఆ రోజు ఫోను దగ్గర పెట్టుకో. అడిగేది నేనే. అవును అని నొక్కు.

యాకోబు


నాగపూర్,
5-7-2025

యాకోబూ,

నీ దగ్గర్నుంచి వారమైంది ఉత్తరం లేక. నేనే రాస్తున్నాను.

వాడి తెగింపు చూడు. మంగళవారం వార్డెనమ్మకు ఫోను చేశాడట. మీ అక్క ఫోన్‌లో ప్రశ్న వస్తే అవును అని నొక్కమనండి అని చెప్పాడట. ఆమె ఒక కాగితం మీద హిందీలో రాసి తెచ్చి చూపించింది. నాకు నవ్వొచ్చింది. దొంగ తలుపు బయట నిలబడి గడియ తీయమని కబురు పంపినట్టుంది. ఉత్తరం అందగానే సిగ్గుపడతాడనుకున్నాను. సిగ్గు లేకపోగా ఫోను చేశాడు.

కాగితం చింపి ఆమె చేతిలోనే పెట్టాను. ఫోను ఆపేసి, వంటింట్లో నా పేరు రాసిన బియ్యం డబ్బాలో అడుగున దాచాను. ఇక ఎవరూ అడగరు, నేను నొక్కను. నాలుగు రోజుల నుంచి ప్రశాంతంగా ఉంది. బైబిలు పుస్తకంలోనే చదువుకుంటున్నాను, అక్షరాలు చిన్నవి, కళ్లు లాగుతున్నాయి.

వార్డెనమ్మ నాతో మాట్లాడటం లేదు. అంటే పెదవులు ఆడించడం లేదు. పప్పులో బెల్లం మాత్రం మానలేదు.

నీ కంప్యూటరు సంగతి ఏమైంది? దవాఖాన వాళ్లు మనల్ని మర్చిపోలేదు కదా?

ఎలిశిబా


మెదక్,
8-7-2025

అక్కకు యాకోబు వందనాలు.

తెరుచుకుంది.

ఈ మధ్య నీ ఉత్తరం ఏదీ నాకు అందలేదు. నా ఉత్తరం నీకు అందిందో లేదో తెలియకుండానే పది గంటలకు కూర్చున్నాను. మీట నొక్కాను. చక్రం తిరిగింది. కళ్లు మూసుకున్నాను. మదన్ మోహన్ భుజం తట్టాడు. చూస్తే చక్రం లేదు. చీరల ప్రకటనలు, ఇళ్ల స్థలాలు, పైనుంచి కిందికి జలజల పడుతున్నాయి. నువ్వు నొక్కావని తెలిసింది. అతను సంతోషంగా చెయ్యి చాచాడు. నేను కూడా చెయ్యి కలిపాను.

ఇక దాచి లాభం లేదు. దవాఖాన నుంచి మూడు ఉత్తరాలు ఉన్నాయి. మొదటిది జూన్ 12న వచ్చింది. జూన్ 30న చేరాలి, వారంలో సరే అనండి అని. రెండోది 19న వచ్చింది. జవాబు లేదు, ఇంకో వారం చూస్తాం అని. మూడోది 27న. జవాబు రానందున మీ చోటు వేరొకరికి ఇచ్చాం అని.

అంటే మొదటి ఉత్తరం వచ్చిననాడు కూడా నేను ఆ కుర్చీలోనే ఉన్నాను. తెరకు ఇవతల.

వెంటనే జవాబు రాశాను. జరిగిందంతా రాయలేదు, సాంకేతిక ఇబ్బంది అని రాశాను. ఆ మాట మదన్ మోహన్ ఇచ్చాడు. సాయంత్రానికి వాళ్ల నుంచి వచ్చింది. ఈ ఏడాది జాబితా నిండిపోయింది. జనవరిలో కొత్త దరఖాస్తులు తీసుకుంటారు. చెవి పరీక్ష మళ్లీ చేయించాలి. అప్పటికి నరం ఎంత ఉంటే అంత.

జవాబు ఎందుకు రాలేదని దవాఖాన నుంచి ఒక్క మనిషి కూడా ఫోను చేయలేదు. ఫారంలో నా నంబరు ఉంది. నేను ఫోను చేసి తెరుచుకోవడం లేదమ్మా అని చెప్పి కూడా ఉన్నాను. ఇప్పుడు ఆ ప్రోగ్రాము ఎంత చక్కగా పనిచేస్తోందంటే, ఉత్తరం వచ్చిన ప్రతిసారీ టింగుమంటుంది. పొద్దున్నుంచి టింగుమంటూనే ఉంది. అన్నీ చీరలే. దుకాణం మూసే ముందు తీగ పీకేశాను.

సాల్మన్‌కు ఫోను చేశాను. ఎత్తలేదు. నిస్సి ఎత్తి, నాన్న నిన్న ఎక్కడికో పోయాడు పెద్దనాన్నా, చెప్పలేదు అన్నది.

నన్ను ఏమన్నా అను.

యాకోబు


నాగపూర్,
10-7-2025

యాకోబూ,

నీ స్పీడుపోస్టు సోమవారం వచ్చింది. మధ్యలో ఆపవద్దని నువ్వు రాశావు కానీ ‘దొంగను నేనే’ అన్న దగ్గర ఆపాను. ఆపి వంటింట్లోకి పోయి బియ్యం డబ్బా బోర్లించాను. వంటమనిషి నా వైపు చూసిన చూపు నీకు చెప్పలేను. ఫోను ఆరిపోయి ఉంది, చార్జింగు పెట్టి, పక్కన కూర్చుని మిగతా ఉత్తరం చదివాను.

మంగళవారం పదింటికి అడిగింది. హైదరాబాదు అనే చూపించింది. అవును నొక్కాను. నొక్కే ముందు ప్రశ్న మూడుసార్లు చదివాను. కాదు అని అన్నిసార్లు నొక్కినప్పుడు ఒక్కసారి కూడా అంతసేపు ఆగలేదు.

మూడు ఉత్తరాల సంగతి నువ్వు రాసే ఉంటావు, అది దారిలో ఉంటుంది. నేను చూశాను. సాల్మన్ చూపించాడు. అవును, వాడు ఇక్కడే ఉన్నాడు. నా ఫోన్‌లో ఆ కవరు బొమ్మ తెరిచి, చీరలన్నీ పక్కకు నెట్టి, ఒక్కొక్కటీ వేలితో చూపించాడు. నా చోటును నేనే కాపలా కాసి పోగొట్టుకున్నాను. ఈ వేలిని చూస్తే నాకు అన్నం కలపబుద్ధి కావడం లేదు. నిన్ను ఏమీ అనను. నువ్వు మాట్లాడవు, నేను వినను. ఇద్దరం కలిసి ఈ పని చేశాం.

వాడు వచ్చిన తీరు రాస్తాను. మంగళవారం పొద్దుగూకే వేళ నేను వెనక వరండాలో కూర్చుని ఉన్నాను. వాడు గేటు దగ్గర నిలబడి నా పేరు పెట్టి అరిచాడట. వాచ్‌మన్‌కు నేనే ముందు చెప్పి పెట్టాను, హైదరాబాదు మనిషి వస్తే లోపలికి రానివ్వద్దని. ఎంతసేపు అరిచాడో తెలియదు. అందరూ బయటికి వచ్చారు, కుక్కలు కూడా వచ్చాయి, నేను తప్ప. చివరికి జ్ఞానమ్మ వచ్చి నా భుజం పట్టి లాగింది.

పోయి చూస్తే గేటు అవతల వాడు. జుట్టంతా రైలు దుమ్ము. నోరు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. మెడ నరాలు ఉబ్బుతున్నాయి. నా ఉత్తరం చేతిలో ఉంది, దాన్ని గేటు ఊచల మీద కొడుతున్నాడు. పుట్టిన రోజు కూడా ఇట్లాగే ఎర్రగా అయ్యాడు. అప్పుడు ఏమంటున్నాడో అర్థమయ్యేది. నాకు ఒక్క ముక్క కూడా తెలియలేదు. మధ్యాహ్నం మందుల చీటీ జాకెట్టులో ఉంది, దాని వెనక్కి తిప్పి, పెన్సిలుతో సహా ఊచల సందులోంచి ఇచ్చాను. ఏం అరుస్తున్నావో రాయి అన్నాను.

రొప్పుతూ, గేటు స్తంభం మీద పెట్టి రాశాడు.

‘ముందుగాల అన్నం పెట్టు. తిన్నంక తిడత.’

పెట్టాను. బెల్లం పప్పే పెట్టాను. నాలుగుసార్లు అడిగి వేయించుకున్నాడు. తిన్నాక మాట తప్పలేదు. భోజనాల గది మూసేదాకా తిడుతూ రాశాడు, వార్డెనమ్మ దగ్గర అప్పు తెచ్చిన కాగితాలు నిండిపోయాయి. నేను వాడికి రాసిన ఆ మాటకు జవాబే రెండు పేజీలు. నీ గురించి కూడా అర పేజీ ఉంది. అది నీకు పంపను.

జనవరి దరఖాస్తు గురించి అడిగాను. ఇప్పటికీ వాడికి భయమే, వద్దనే అంటున్నాడు. అంటూనే తన మెయిలు, తన ఫోను నంబరు ఒక కాగితం మీద రాసి నా బైబిలులో పెట్టాడు. శిక్షణకు ముందు గది ఖాళీ చేయించాలి, నిస్సి పుస్తకాలు ఎక్కడ పెట్టాలో అని దాని కిందే రాసుకున్నాడు.

రేపు పొద్దున వాడి రైలు. స్టేషనుకు నేనూ పోతాను. ఇంకా తిట్లు మిగిలి ఉన్నాయట, దారిలో రాసుకుంటాడట. రాసుకోనీ. నాకు చెవులు వచ్చేదాకా వాడు ఏం తిట్టినా రాసే తిట్టాలి, దస్తూరీ చూస్తే కోడి గెలికినట్టుంది.

ఎలిశిబా